ముంపు బస్తీలు అభ్యర్థులను ఏమడగాలి, ఎలా అడగాలి

(హైదరాబాద్‌లో బస్తీ, కాలనీ సంక్షేమ సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం పెట్టుకోకుండా నేరుగా విషయంలోకి వెళ్దాం.

2020 అక్టోబరు 13న మొదలైన వానలకు నాలుగైదు రోజుల్లోనే నగరం దక్షిణం వైపు చెరువు కట్టలు ఒకదాని వెంట ఒకటి తెగాయి. పల్లె చెరువు, అప్పా చెరువు, ఆ తర్వాత గుర్రం చెరువు. అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ ఇళ్లు మునిగాయి. ఇటు టోలిచౌకి దగ్గర నదీం కాలనీలో, అటు సరూర్‌నగర్ చెరువు దిగువన కోదండరాం నగర్‌లో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. ప్రభుత్వం 550 కోట్లు విడుదల చేసి, మునిగిన ఇంటికి 10,000 రూపాయలు ఇస్తామంది. పూర్తిగా కూలిన ఇంటికి లక్ష, కొంత దెబ్బతిన్న ఇంటికి 50,000 అంది. నవంబరు 17న కార్పొరేషన్ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. మర్నాడే రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ పంపిణీని ఆపింది. డిసెంబరు 1న పోలింగ్.

ఆ రెండు వారాల ప్రచారాన్ని ఒకసారి తలుచుకోండి. పదివేలు ఎవరు ఆపించారు, మళ్లీ ఎవరిప్పిస్తారు, మేమొస్తే పాతిక వేలిస్తాం, మేమైతే యాభై వేలిస్తాం. వేదికల మీద వినపడినదంతా చాలావరకు ఇదే. తెగిన కట్టను ఎవరు, ఎంత ఎత్తున, ఏ నిధితో, ఎప్పటిలోగా కట్టాలి? తడిసి బీటలిచ్చిన గోడల కింద కాపురం చేస్తున్నవాళ్ల సంగతేమిటి? ఈ మాటలు గట్టిగా వినపడలేదు. అభ్యర్థులు చెప్పకపోవడం ఒక కారణమైతే, మనం సరిగ్గా అడగకపోవడం ఇంకో కారణం. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఆ రెండోదాని గురించే. సాయం వేరు, పునర్నిర్మాణం వేరు. సాయం మాటిచ్చిన అభ్యర్థి దగ్గర ఆగిపోకుండా, ఏ పద్దు కింద, ఏ శాఖ చేత, ఏ తేదీలోగా మీ బస్తీని మళ్లీ నిలబెడతారో కాగితం మీద రాయించుకోవాలి.

ముందు డబ్బు సంగతి తెలుసుకుందాం. అది తెలియకుండా అడిగే ప్రశ్నకు ‘చూద్దాం, చేద్దాం’ అనేదే జవాబు. విపత్తు నిధి ఎలా పంచాలో 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఒక లెక్క ఇచ్చింది. రాష్ట్రానికి కేటాయించిన ప్రతి వంద రూపాయల్లో 20 రూపాయలు ముప్పు తగ్గించే పనులకు. మిగిలిన 80లో 40 తక్షణ సహాయానికి, 30 కోలుకోవడానికి, పునర్నిర్మాణానికి, 10 ముందస్తు సన్నద్ధతకు. మన రాష్ట్రం విషయంలో ఇందులో 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది. అంటే పునర్నిర్మాణానికి పద్దు లేదని ఎవరైనా అంటే ఆ మాట సరి కాదు. ముప్పై రూపాయల పద్దు ఒకటి, ఇరవై రూపాయల పద్దు ఒకటి ఆ లెక్కలో విడిగా ఉన్నాయి. అసెంబ్లీ అభ్యర్థిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఆ రెండు పద్దుల్లోంచి గత ఐదేళ్లలో మన నియోజకవర్గానికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది? ఆయనకు తెలియకపోతే తెలుసుకుని వచ్చే సమావేశంలో చెప్పమనండి. పాత సభ్యుడే మళ్లీ పోటీ చేస్తుంటే తెలియదనడానికి వీల్లేదు.

ఇక సాయం రేట్లు. 2022–26కు కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి 1,20,000 రూపాయలు. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే, అదీ కనీసం 15 శాతం దెబ్బతింటేనే, 6,500. గుడిసెకు 8,000. బట్టలకు కుటుంబానికి 2,500, గిన్నెలకు, ఇంటి సామానుకు 2,500. ఈ చివరి రెండింటికీ ఒక షరతు ఉంది: ఇల్లు కొట్టుకుపోయి ఉండాలి, పూర్తిగా దెబ్బతిని ఉండాలి, లేదా రెండు రోజులకు మించి తీవ్రంగా మునిగి ఉండాలి.

ఈ రెండు రోజుల షరతు దగ్గర కాస్త ఆగాలి, హైదరాబాద్‌కు అసలు దెబ్బ ఇక్కడే ఉంది. నదీం కాలనీ లాంటి పల్లపు చోట్లను పక్కన పెడితే, మన దగ్గర వరద ఎక్కువగా నాలా పొంగి రాత్రికి రాత్రి వస్తుంది. నడుము లోతు వచ్చి తెల్లారేసరికి తీసేస్తుంది. తీసేటప్పటికి మురుగు, బురద, డీజిల్ కలిసిన నీళ్లు మంచం కిందకి, ఫ్రిజ్ మోటారులోకి, బియ్యం డబ్బాలోకి వెళ్లిపోయి ఉంటాయి. సంపులో మురుగు చేరి ఉంటుంది. పిల్లల పుస్తకాలు పోతాయి, కుట్టుమిషన్ మోటారు కాలిపోతుంది. ఆ కుటుంబం సర్వం పోగొట్టుకున్నట్టే, కానీ లెక్కలో రెండు రోజులు మునగలేదు. ఏటి వరదకో ఊరి వరదకో సరిపోయే కొలత నాలా వరదకు సరిపోదు. రోజులను బట్టి కాకుండా నీటి లోతును బట్టి సాయం ఇస్తారా అన్నది అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్న. రాష్ట్రాలు తమ ఖజానా నుంచి ఎక్కువ ఇవ్వకూడదని ఎక్కడా లేదు. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగినప్పుడు ఖమ్మంలో ముందు 10,000 అన్న ప్రభుత్వం తర్వాత 16,500 చేసింది. అదే నెలలో బుడమేరు ముంచిన విజయవాడలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 ఇచ్చింది. రేటు అనేది రాజకీయ నిర్ణయమని దీన్ని బట్టే తెలుస్తుంది. నీళ్లు వచ్చాక బతిమాలుకునే బదులు, ఎన్నికల ముందే లోతును బట్టి సాయం స్లాబు రాయించుకోవడం మేలు: గడప దాటితే ఎంత, మోకాలు దాటితే ఎంత, నడుము దాటితే ఎంత.

లోతు అడగాలంటే మన దగ్గర లోతు లెక్క ఉండాలి. ఇది సంఘాలు సొంతంగా చేసుకోగల పని, ఖర్చు లేనిది. నీళ్లు తీసిన ఇరవై నాలుగు గంటల్లోపు, గోడలు కడగకముందే, ప్రతి ఇంట్లో బురద మరక పై అంచు దగ్గర పెయింటుతో అడ్డగీత గీయండి. గడప పైభాగం నుంచి ఆ గీత వరకు టేపు పెట్టి సెంటీమీటర్లలో కొలవండి. టేపు కనపడేలా ఒక ఫొటో, ఇంటి నంబరు కనపడేలా ఒక ఫొటో తీయండి. ఫోనులో లొకేషను ఆన్ చేసి తీస్తే స్థలం, సమయం ఫొటోలోనే నమోదవుతాయి. ఇంటికి ఒక కాగితం చొప్పున: ఇంటి నంబరు, ఎన్ని కుటుంబాలు, లోతు, నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఎన్నింటికి తీశాయి, ఏ దిక్కు నుంచి వచ్చాయి, పోయిన సామాను. ఆ దిక్కు గడిని ఎవరూ పట్టించుకోరు, నిజానికి అదే ముఖ్యం. నాలా గట్టు మీదుగా వచ్చాయా, మ్యాన్‌హోల్ నుంచి వెనక్కి తన్నాయా, పై కాలనీ రోడ్డు మీదుగా దిగాయా అన్నదాన్ని బట్టి చేయాల్సిన పని మారిపోతుంది, చేసే శాఖ కూడా మారిపోతుంది.

సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, ఇల్లు కడిగేసిన వారానికి సర్వే బృందం వస్తుంది. మరక ఉండదు. కూర్చున్నచోటే నాయకుడు చెప్పిన పేర్లు రాసుకుని వెళ్తారు. ఆ జాబితా గోడ మీద అంటించరు కాబట్టి ఎవరి పేరుందో, ఎవరిది లేదో డబ్బు పంచే రోజు దాకా తెలియదు. అందుకని మూడు షరతులు అభ్యర్థి నోట చెప్పించండి: జాబితా బస్తీలో బహిరంగంగా అంటించాలి, అభ్యంతరాలకు ఏడు రోజులు ఇవ్వాలి, డబ్బు చేతికి కాకుండా ఖాతాలో వేయాలి.

ఇప్పుడు ఎవరిని ఏమడగాలన్న సంగతి. కార్పొరేటర్ అభ్యర్థిని పట్టుకుని చెరువు కట్ట గురించి గంట సేపు నిలదీస్తే ఆయన ‘అది నీటిపారుదల శాఖది’ అని లేచి వెళ్తారు. అది నిజం కూడా. నాలాలు, వాన నీటి కాల్వలు, రోడ్లు కార్పొరేషన్‌వి. మురుగు లైను, తాగునీరు జలమండలివి. చెరువు కట్ట, తూము, అలుగు ప్రధానంగా నీటిపారుదల శాఖవి. ట్రాన్స్‌ఫార్మరు, మీటర్లు విద్యుత్ పంపిణీ సంస్థవి. నష్టం నమోదు, పరిహారం రెవెన్యూది, అంటే కలెక్టరు కార్యాలయానిది. 2024 జులైలో ఏర్పడిన హైడ్రాది అత్యవసర స్పందన, ప్రభుత్వ ఆస్తుల రక్షణ. కాబట్టి కార్పొరేటర్‌ను నాలా గురించి, పూడిక గురించి, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె ఎత్తు పెంచమని శాఖకు తీర్మానం పంపడం గురించి అడగండి. ఎమ్మెల్యే అభ్యర్థిని కట్ట, పరిహారం స్లాబు, విపత్తు నిధి గురించి అడగండి. ఎంపీ అభ్యర్థిని కేంద్ర నిబంధనల్లోని ఆ రెండు రోజుల షరతు మార్పించడం గురించి అడగండి.

ఇంకొకటి. 2005 విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో సవరణ వచ్చింది. రాష్ట్ర రాజధానుల్లో, కార్పొరేషన్ ఉన్న నగరాల్లో పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. మున్సిపల్ కమిషనర్ అధ్యక్షుడు, కలెక్టర్ ఉపాధ్యక్షుడు. దీనివల్ల ఏం లాభమంటే, ఇందాక చెప్పిన అరడజను శాఖల పనిని ఒకే ప్రణాళికలోకి తేవచ్చు. ఆ ప్రణాళికలో మన వార్డు పేజీ ఉంటుందా, దాన్ని తయారుచేసేటప్పుడు బస్తీవాళ్లను కూర్చోబెడతారా అని ఎమ్మెల్యే అభ్యర్థిని అడగండి.

నాలా పనిలో ఏం తప్పులు జరుగుతాయో తెలిస్తే వాగ్దానంలో డొల్లతనం వెంటనే పట్టుకోవచ్చు. మన నగరంలోవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువుకు, అక్కడి నుంచి మూసీకి. మధ్యలో ఒక కాలనీ తన ముందున్న నాలాను వెడల్పు చేసి రెండు వైపులా రిటైనింగ్ వాల్ కట్టించుకుంటే, నీళ్లు మరింత వేగంగా వెళ్లి దిగువన ఇరుకు కల్వర్టు దగ్గర ఎగదన్నుతాయి. కింది కాలనీ మునుగుతుంది. పని ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకు రావాలి. కాబట్టి ‘మీ గల్లీ ముందు గోడ కట్టిస్తా’ అన్న అభ్యర్థిని, దిగువ కల్వర్టు ఎన్ని మీటర్ల వెడల్పు, అది ముందు వెడల్పవుతుందా అని అడగండి. కల్వర్టుకు అడ్డంగా వేసిన నీటి పైపులు, కేబుళ్లు చెత్తను పట్టి ఆపుతాయి, వాటిని ఎవరు మారుస్తారు? పూడిక తీసి గట్టు మీదే కుప్ప పోస్తే మొదటి వానకే తిరిగి లోపలికి జారుతుంది. పూడిక పని ఏప్రిల్, మే నెలల్లో అయిపోవాలి, తీసిన మట్టి అదే వారంలో లారీల్లో వెళ్లిపోవాలి. ఇలాంటి చిన్న షరతులే అసలైన షరతులు.

2020 ముంపు తర్వాత నాలాల అభివృద్ధికి ఎస్‌ఎన్‌డీపీ అనే కార్యక్రమం మొదలైంది. మొదటి దశకు సుమారు 985 కోట్లు అనుకున్నారు. మీ దగ్గరి నాలా అందులో ఉందా, ఉంటే ఏ దశలో ఉందో సమాచార హక్కు దరఖాస్తుతో తెలుసుకోండి. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. ‘మా నాలా ఏమైంది’ అని అడగకండి. ఐదు ప్రశ్నలు విడివిడిగా రాయండి: పాలనాపరమైన అనుమతి ఏ తేదీన, ఎంతకు, సాంకేతిక మంజూరు ఎప్పుడు, టెండరు ఎవరికి దక్కింది, ఒప్పందం ప్రకారం పూర్తి చేయాల్సిన తేదీ, ఇంతవరకు చెల్లించిన బిల్లు. ఎన్నికల ముందు శంకుస్థాపన ఫలకాలు చాలా లేస్తాయి. ఫలకం వెనుక ఒప్పందం, వర్క్ ఆర్డరు లేకపోతే ఆ పని ఇంకా పుట్టలేదన్నమాట. ఎన్నికల కోడ్ వచ్చాక కొత్త పథకం ప్రకటించడం, కొత్త పనికి శంకుస్థాపన చేయడం కుదరదు. నేల మీద అప్పటికే మొదలైన పని ఆగాల్సిన అవసరం లేదు. అందుకే మన ఒత్తిడి అంతా నోటిఫికేషన్‌కు మూడు నాలుగు నెలల ముందే మొదలవ్వాలి.

కష్టమైన ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. మన బస్తీల్లో కొన్ని చెరువు పూర్తి నీటిమట్టంలో ఉన్నాయి, కొన్ని మూసీ గర్భంలోనే ఉన్నాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపై చెరువుల చుట్టూ 30 మీటర్లు, అంతకంటే చిన్న వాటికి 9 మీటర్లు కట్టడాలు ఉండకూడదు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తినప్పుడు ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లొచ్చాయి, చాదర్‌ఘాట్, మూసానగర్ ఇళ్లు మునిగాయి. ఇలాంటి చోట ఒకే అభ్యర్థి ఒక సభలో ‘ఆక్రమణలన్నీ తీసేస్తాం’ అని, ఇంకో సభలో ‘ఒక్క ఇటుక కదలనివ్వం’ అని చెప్పడం మనం చూస్తూనే ఉన్నాం. రెండూ ఒకేసారి జరగవు. కదిలిస్తారా, ఉన్నచోటే కాపాడతారా? కదిలిస్తే ఎక్కడికి? ఇరవై కిలోమీటర్ల అవతల డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇచ్చి, పనికి వెళ్లే బస్సు, పిల్లల బడి చూడకపోతే ఆరు నెలల్లో ఆ కుటుంబం తిరిగి నాలా పక్కనే అద్దెకు దిగుతుంది. విద్యాసంవత్సరం మధ్యలో కదిలించం, కొత్త చోట రేషను, బడి, బస్సు సిద్ధమయ్యాకే పాత ఇల్లు తీస్తాం అన్న హామీ రాతపూర్వకంగా అడగండి. ఉన్నచోటే కాపాడతామంటే, ఏ ఎత్తు గోడతో, ఏ గణాంకాల ఆధారంగా అని అడగండి.

ఇల్లు తిరిగి కట్టుకునే డబ్బు ఎలా ఇవ్వాలన్న దానికి మంచి ఉదాహరణ గుజరాత్. 2001 జనవరి 26 భూకంపం తర్వాత రెండు వారాల్లోనే దానికోసం ప్రత్యేక సంస్థ పెట్టారు. కాంట్రాక్టరుకు అప్పగించకుండా ఇంటివాళ్లే కట్టుకునేలా, పని ముందుకు సాగినకొద్దీ ఇంజనీరు చూసి ధ్రువీకరించాక విడతలుగా ఖాతాలో వేశారు. మొత్తం ఒకేసారి ఇస్తే అప్పులకు పోతుంది, అంతా చివర్లో ఇస్తే పునాది దగ్గరే ఆగిపోతుంది. మన పాత నగరం చరిత్రలోనూ ఒక పాఠం ఉంది. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద తర్వాత 1912లో నగరాభివృద్ధి బోర్డు వచ్చింది, ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నిజాం పాలనలో ఎన్నికల గడువు లేదు కాబట్టి పంతొమ్మిదేళ్ల పని సాగింది. మన అభ్యర్థికి ఐదేళ్లే. అందుకే ఐదేళ్ల మాట అడగకుండా మొదటి పన్నెండు నెలల మాట అడగాలి: ఈ కల్వర్టు, ఈ ఇంత పొడవు నాలా, ఈ అలుగు మరమ్మతు.

సమావేశం ఎలా పెట్టాలో కూడా చెప్తాను. అందరు అభ్యర్థులనూ పిలవండి. ఒక్కరినే పిలిచి షామియానా, కుర్చీలు వేస్తే అది ఆయన ఎన్నికల ఖర్చు కింద రాసే అవకాశం ఉంది, సంఘానికి పార్టీ ముద్ర కూడా పడుతుంది. మైకుకు ముందే అనుమతి తీసుకోండి, రాత్రి పదికల్లా ఆపేయండి. ప్రచార గడువు ముగియకముందే పెట్టుకోండి. ప్రశ్నలు ఐదుకు మించకూడదు. వాటిని వారం ముందే అభ్యర్థులకు పంపండి, అప్పుడు ‘ఇప్పుడే వింటున్నా’ అనలేరు. అనుచరులతో వచ్చి నినాదాలు మొదలుపెడితే సమావేశం అక్కడికక్కడే సభ అయిపోతుంది. కాబట్టి ఒక్కొక్కరికి ఇద్దరే తోడని పిలుపులోనే రాయండి. ప్రశ్న అడిగేవాళ్లు ఎవరో ముందే తేల్చుకోండి. ఇళ్లు మునిగిన ఆడవాళ్లు అడగాలి, సంఘం అధ్యక్షుడు కాదు. ఒక్కో జవాబుకు మూడు నిమిషాలు. పెద్ద చార్టు మీద అభ్యర్థి పేరు, పని, శాఖ, నిధి, తేదీ అని గళ్లు గీసి, ఆయన చెప్తుండగానే అందరికీ కనపడేలా నింపండి. నిధి గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలేసి కింద సంతకం అడగండి. ఖాళీ గడి ఫొటో తీసి బస్తీ గ్రూపుల్లో పెడితే చాలు. మ్యానిఫెస్టోలో చెప్పిన వాగ్దానానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో స్థూలంగానైనా చెప్పాలని, 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కేంద్ర ఎన్నికల సంఘం పార్టీలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ గడి గురించి అడగడం మన హక్కే.

(సభలో నుంచి ఒక ప్రశ్న: మా బస్తీలో సగం మంది కిరాయిదార్లు. 2020లో ఓనర్ పేరు మీదే రాశారు. వీళ్ల సంగతి ఏమని అడగాలి?)

మంచి ప్రశ్న. ఇల్లు దెబ్బతిన్నందుకు వచ్చే సాయం వేరు, సామాను పోయినందుకు వచ్చే సాయం వేరు. మొదటిది ఇల్లు ఎవరిదో వాళ్లకు. రెండోది కేంద్ర నిబంధనల్లో ‘కుటుంబానికి’ అని ఉంది, ఇంటికి అని లేదు. ఒకే ఇంటి నంబరులో నాలుగు పొయ్యిలుంటే నాలుగు కుటుంబాలు. కాబట్టి పొయ్యి లెక్కన నమోదు చేస్తామని అభ్యర్థి చేత రాయించండి. కిరాయి ఒప్పందం కాగితం చాలామందికి ఉండదు, ఉన్నా నీళ్లలో పోతుంది. గ్యాస్ బుక్కు, పిల్లల బడి గుర్తింపు కార్డు, కిరాయి ఫోన్లో పంపిన రసీదు, పక్కింటి ఇద్దరి సాక్ష్యం — వీటిలో ఏ రెండున్నా ఒప్పుకోవాలని అడగండి. వానాకాలం రాకముందే ఈ కాగితాలన్నీ ఫొటో తీసి సంఘం దగ్గర ఒక కాపీ ఉంచండి. మీరు నింపే ఇంటి కాగితంలో కిరాయిదార్ల పేర్లు ఓనర్ కింద కాకుండా విడి వరుసల్లో రాయండి. సర్వేకు వచ్చినవాళ్లు సాధారణంగా మన కాగితం చూసే ఎక్కించుకుంటారు.